విషం తీసిన సర్పం: జోడ్‌భావి పేట్ నుంచి మన సంఘాలకు ఒక మాట



పోయిన చలికాలంలో మేము నలుగురు కాపరులం, ఇద్దరు యువకులం కలిసి షోలాపూర్ వెళ్లాం. జోడ్‌భావి పేట్‌లో రెండు రోజులు ఉన్నాం. పేరులోనే జోడు బావులున్న ఆ పేటలో తెలుగు మాట వినడానికి వెతుక్కోనక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందట మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల మనుమలూ మునిమనుమలూ ఇప్పుడు మరమగ్గాల మీద చాదర్లూ తువాళ్లూ నేస్తున్నారు. ఆడవాళ్లు గడపలో కూర్చుని బీడీలు చుడుతున్నారు. ఇల్లూ షెడ్డూ ఒకటే అయిన చోట్లు చాలా ఉన్నాయి. నూలు దుమ్ము అన్నం కంచం మీద కూడా పడుతుంది.

అక్కడ ఒక ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నాం. ఇంటాయన పాదానికి గుడ్డ చుట్టి ఉంది. మూడు రోజుల కిందట మగ్గం కింద పడిన తుప్పు ఇనుప ముక్క గుచ్చుకుందట.

"సూది ఏపిచ్చుకున్నవా అన్నా?" అని మాలో ఒకరు అడిగారు.

"లేదు అయ్యగారూ. గా సూదిల ఇసం ఉంటదంట గద. మా మీటింగుకు వచ్చిన దైవజనుడు చెప్పిండు. అల్మీనియం గూడ కలుపుతరంట. ప్రార్థన నూనె రాసుకున్న."

పక్కన బీడీలు చుడుతున్న ఆయన భార్యకు ఏడో నెల. ఆమె కూడా సూది వేయించుకోలేదు. ఆశా కార్యకర్త రెండుసార్లు వచ్చి తిరిగి పోయిందట.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ ఇంటాయన అబద్ధం చెప్పలేదు. తనకు బోధించిన మాటే చెప్పాడు. బోధించింది మనం. మనలో ఒకరు. కాబట్టి ఈ వ్యాసం ఆయన మీద కాదు. మన వేదికల మీద, మన మౌనం మీద, ఆయన పాదాన్ని ఎన్నడూ పట్టించుకోని పాలకుల మీద.

ఏడో రోజు జబ్బు

మాలో ఒకరి తల్లి తన మొదటి బిడ్డను ఎత్తుకోగలిగింది ఏడు రోజులే. బొడ్డు కొడవలితో కోశారు, మట్టి బూడిద అద్దారు. అయిదో రోజు బిడ్డ పాలు పట్టడం మానేసింది. దవడ బిగుసుకుంది. చిన్న చప్పుడుకే ఒళ్లు విల్లులా వంగింది. ఊళ్లో గాలి సోకిందన్నారు. ఆ రోగానికి మన భాషలో ఉన్న పేరే దాని రూపం చెబుతుంది: ధనుర్వాతం. ఒళ్లు ధనుస్సులా వంచేస్తుంది.

ఇది ఒక ఇంటి కథ కాదు. కొన్ని దశాబ్దాల కిందటి వరకు మన దేశంలో ఏటా 1,50,000 నుంచి 2,00,000 వరకు నవజాత శిశువుల ధనుర్వాతం కేసులు ఉండేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తల్లికి గర్భంలోనే సూది వేయడం, శుభ్రమైన చేతులతో శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోయడం, ఆసుపత్రి కాన్పులు, ఈ మూడూ కలిసి ఆ అంకెను కూల్చాయి. ఈ పోరాటంలో ముందుగా గెలిచిన రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2003లో. దేశమంతా గెలిచినట్టు ప్రకటన వచ్చింది 2015లో. ఏ స్వస్థత సభా ఇంతమంది బిడ్డలను బతికించలేదు. ఈ మాట దేవుణ్ణి తక్కువ చేయడానికి కాదు. దేవుడు ఎవరి చేతుల ద్వారా పని చేశాడో చూడమని అంటున్నాం. ఆశా కార్యకర్త చేతులు, ఏఎన్ఎం చేతులు, ప్రయోగశాలలో గాజు పాత్ర పట్టుకున్న చేతులు.

పటిక సంగతి నేతగాళ్లకు తెలుసు

"ఇసం ఉంటదంట" అన్న మాటకు జవాబు చెప్పాలి. కసురుకుని కాదు, నమ్మకంగా చెప్పాలి. మరునాడు పొద్దున అదే వీధిలో ఒక పెద్దాయన దగ్గర ఆ జవాబుకు దారి దొరికింది. వయసులో ఉన్నప్పుడు అద్దకం పని చేసిన మనిషి. "రంగు నూలుకు ఊకె పట్టదు బిడ్డా. పట్టిచ్చాలె. మా తాత ఎర్ర రంగుకు పటిక కలిపేటోడు. పటిక లేకుంటె మొదటి ఉతుకుకే పోతుండె" అన్నాడు. మన పెడన, మచిలీపట్నం కలంకారీలో ఎరుపుకు నేటికీ పటికే ఆధారం.

పటిక అంటే ఏమిటి? అల్యూమినియం లవణం. మంగలి షాపులో గడ్డానికి రాసేది, బురద నీళ్ల బిందెలో తిప్పేది. నీళ్లలో తిప్పినప్పుడు మెత్తని తెల్లని జిగురు లాంటిది ఏర్పడి, బురద రేణువులు దానికి అంటుకుని కిందికి దిగుతాయి. ఇలా ఒక పదార్థం మరొక దాని ఒంట్లోకి ఇంకకుండా పైభాగానికి మాత్రమే అంటుకోవడాన్ని మన పాఠ్యపుస్తకాలు అధిశోషణం అంటాయి. స్పాంజి నీటిని తాగడం శోషణం. బొగ్గు ఫిల్టరు నీటిలోని వాసనను తన ముఖానికి అంటించుకోవడం అధిశోషణం.

ఇప్పుడు సూది సంగతి చూద్దాం. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. గాలి తగలని లోతు గాయంలో అది మేలుకుంటుంది. మనిషిని చంపేది ఆ క్రిమి కాదు, అది వదిలే విషం. ఫ్యాక్టరీలో ఆ క్రిమిని పెద్ద తొట్లలో పెంచుతారు, వడకట్టి క్రిములను తీసేస్తారు, మిగిలిన విషద్రవానికి ఫార్మాలిన్ కలిపి వెచ్చగా కొన్ని వారాలు ఉంచుతారు. విషం చచ్చిపోతుంది, దాని ఆకారం మిగులుతుంది. దానికే టాక్సాయిడ్ అని పేరు. 1920లలో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో గాస్తోన్ రామోన్ ఈ దారి చూపించాడు.

కానీ ఆ ద్రవంలో టాక్సాయిడ్ ఒక్కటే ఉండదు. క్రిమి తిన్న పులుసు ఉంటుంది, చచ్చిన క్రిముల తునకలు ఉంటాయి. వాటిని తీసేయకపోతే చేయి వాచిపోతుంది, జ్వరం వస్తుంది. అందుకని శుద్ధి చేయాలి. ఉప్పులతో పేరబెట్టే పద్ధతి ఒకటి, సన్నని పొరల గుండా వడకట్టే పద్ధతి ఒకటి. అల్యూమినియం లేదా కాల్షియం ఫాస్ఫేట్ జిగురుకు టాక్సాయిడ్‌ను అంటించి, అక్కర్లేనిదాన్ని కడిగేసి, మళ్లీ విడిపించుకునే పద్ధతి మరొకటి. బురద నీళ్లకూ దీనికీ తేడా ఒక్కటే. అక్కడ అంటుకున్నదాన్ని పారేసి నీళ్లు ఉంచుకుంటాం, ఇక్కడ అంటుకున్నదాన్ని ఉంచుకుని నీళ్లు పారేస్తాం. ఎంత శుద్ధి అయిందో కొలిచే లెక్క కూడా ఉంది. ధనుర్వాతం టాక్సాయిడ్ అయితే మిల్లీగ్రాము ప్రొటీన్ నత్రజనికి కనీసం 1000 యూనిట్లు, డిఫ్తీరియాకు కనీసం 1500 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. అంతకు తక్కువ ఉంటే సీసాలోకి పోనివ్వకూడదు.

1926లో ఇంగ్లండ్‌లో గ్లెన్నీ అనే శాస్త్రవేత్త బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. పటికతో పేరబెట్టిన టాక్సాయిడ్ శుద్ధి కావడంతో ఆగలేదు, ఒంట్లో ఎన్నో రెట్లు బాగా పనిచేసింది. ఒట్టి ద్రవమైతే తొందరగా కొట్టుకుపోతుంది. గట్టి రేణువుకు అంటుకుని ఉంటే శరీరపు కాపలా కణాలు దాన్ని పట్టుకుంటాయి, గుర్తు పెట్టుకుంటాయి. పటిక లేని రంగు మొదటి ఉతుకుకే పోయినట్టు, పటిక లేని టాక్సాయిడ్ ఒంటికి సరిగా పట్టదు. నేడు సీసా మీద కనబడే 'అడ్సార్బ్డ్' అన్న మాటకు అర్థం ఇదే.

మరి అల్యూమినియం? ఒక డోసులో అల్యూమినియం 1.25 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. అది చిటికెలో చిటికె కూడా కాదు. దాదాపు నూరేళ్లుగా కోట్ల మందికి వేస్తున్నది అది. సూది వేసిన చోట నొప్పి, గట్టి ముడి కొందరికి వస్తాయి, తగ్గిపోతాయి. అది దాచాల్సిన సంగతి కాదు, చెప్పాల్సిన సంగతి. అదే వేదిక మీద నుంచి 'అల్యూమినియం విషం' అని అరిచే మన సహోదరుడు ఇంట్లో ఏ గిన్నెలో వండిన అన్నం తింటున్నాడో ఒకసారి చూసుకోవాలి.

సర్పం ఆకారం ఉంది, విషం లేదు

సంఖ్యాకాండము 21వ అధ్యాయం మనకు తెలిసినదే. అరణ్యంలో పాముకాట్లకు జనం చస్తున్నారు. దేవుడు మోషేతో ఏ పామును చూసి జనం వణుకుతున్నారో ఆ పాము ఆకారమే ఇత్తడితో చేయించి ఎత్తి నిలబెట్టించాడు. ఆకారం సర్పానిదే, విషం మాత్రం లేదు. చూసినవాడు బతికాడు. టాక్సాయిడ్ గురించి ఒక బడిపిల్లకు చెప్పాలంటే ఇంతకన్నా మంచి ఉపమానం మాకు తెలియదు. పాము ఎలా ఉంటుందో ఒంటికి ముందే చూపిస్తే, నిజమైన పాము వచ్చిన రోజున ఒళ్లు సిద్ధంగా ఉంటుంది.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. తరాల తరువాత జనం ఆ ఇత్తడి సర్పానికే ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టించాడు (2 రాజులు 18:4). ఔషధాన్ని దేవుణ్ణి చేయకూడదు. సైన్సు పేరు చెప్పి ఎవడేం అమ్మినా కొనుక్కోవాలని మేము చెప్పడం లేదు. కానీ అదే హిజ్కియా చావు మంచం మీద ఉన్నప్పుడు ఏం జరిగింది? ఆయన ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, ఆ తరువాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు (2 రాజులు 20:7). విగ్రహాన్ని పగలగొట్టిన చేయే మందు పట్టీ కట్టించుకుంది. ప్రార్థనా ఉంది, పట్టీ ఉంది. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచేవాడు ప్రవక్త కాదు.

'నాకు విశ్వాసం ఉంది, సూది అక్కర్లేదు' అనే మాటను ఇంకొక చోట విన్నాం. మత్తయి 4వ అధ్యాయంలో, దేవాలయ శిఖరం మీద. దూకు, దేవదూతలు ఎత్తుకుంటారు అని వాక్యం చూపించి మరీ చెప్పినవాడు ఎవడు? యేసు దూకలేదు. దేవుణ్ణి శోధించడం విశ్వాసం కాదన్నాడు. తుప్పు ఇనుము గుచ్చుకున్న మనిషిని నూనె సీసాతో ఇంటికి పంపించడం ఆయన్ని శిఖరం మీద నుంచి దూకమనడమే. దూకేది బోధకుడు కాదు, కూలివాడు. అదే మాకు కోపం. ఆ బోధకుడికి ముల్లు గుచ్చుకుంటే కారులో ఏ ఆసుపత్రికి పోతాడో మనకు తెలియదా?

ఇక మృగపు ముద్ర. కరోనా కాలంలో ఈ మాట మన వాట్సాప్‌లను ముంచేసింది. ప్రకటన 13 చెప్పే ముద్ర కుడి చేతి మీద గాని నొసటి మీద గాని ఉంటుంది, అది లేనివాడు కొనలేడు, అమ్మలేడు. అంటే అది మార్కెట్టును గుప్పిట్లో పెట్టుకున్న సామ్రాజ్యానికి లొంగిపోవడం గురించిన మాట. ఒక తల్లి తన బిడ్డ కోసం చేయించుకునే సూదిలో ఆ ముద్ర లేదు. ఎవరు కొనగలరో ఎవరు కొనలేరో నిర్ణయించే అధికారంలో ఉంది. దాని గురించి మాట్లాడమంటే మాత్రం మన ప్రవచన పండితులకు గొంతు పెగలదు.

నిజంగా తప్పు జరిగిన చోట్లు

జనానికి అనుమానం ఊరికే రాలేదు. నిజంగా తప్పులు జరిగాయి, వాటిని మనమే ముందుగా చెప్పాలి.

1902 అక్టోబరులో పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో హాఫ్కిన్ ప్లేగు టీకా వేయించుకున్నవారిలో 19 మంది ధనుర్వాతంతో చచ్చిపోయారు. ఒకే సీసా నుంచి వేయించుకున్నవాళ్లు వారు. హాఫ్కిన్‌ను ఉద్యోగం నుంచి తప్పించారు. ఆ సీసా తెరిచేటప్పుడు పట్టకారు నేల మీద పడింది, దాన్ని సరిగా శుద్ధి చేయలేదు అని తరువాత తేలింది. 1907లో గాని ఆయన మీద నింద పోలేదు. నేల మీది మట్టి ఎంత విషమో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు. టీకా వేసేచోట శుభ్రత ఎంత ముఖ్యమో కూడా ఇదే చెబుతుంది.

1948లో జపాన్‌లో క్యోటో, షిమానే ప్రాంతాల్లో డిఫ్తీరియా టాక్సాయిడ్ వేసిన పిల్లల్లో 80 మందికి పైగా చచ్చిపోయారు. పటికతో పేరబెట్టిన టాక్సాయిడే అది. కానీ విషాన్ని పూర్తిగా చంపలేదు, పరీక్షలో దాన్ని పట్టుకోలేదు. పటికది కాదు తప్పు, తొందరపాటుది, తనిఖీ లోపానిది.

మన హైదరాబాదుకూ ఒక పాఠం ఉంది. 2010లో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన అయిదు రోగాల టీకా షాన్5 సీసాల్లో తెల్లని మడ్డి గాజుకు అంటుకుంటోందని ఫిర్యాదులు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదిత జాబితా నుంచి తీసేసింది, సరుకు వెనక్కి తెప్పించారు. లోపం సరిచేసుకున్నాక 2014లో మళ్లీ ఆమోదం వచ్చింది. దీన్ని టీకాల మీద దాడికి వాడుకునేవాళ్లు ఉన్నారు. మేము మరోలా చదువుతున్నాం. కళ్లు తెరిచి చూసే వ్యవస్థ ఉంటే మడ్డి కనిపిస్తుంది, సరుకు ఆగుతుంది. మన పోరాటం ఆ కళ్లు మూసుకుపోకుండా చూడడానికే.

మంద కాపాడని రోగం

ఇప్పుడు అసలు న్యాయం దగ్గరికి వద్దాం. పోలియో, తట్టు లాంటి రోగాల్లో చుట్టూ ఉన్నవారంతా టీకా వేయించుకుంటే, వేయించుకోనివాడికి కూడా కొంత రక్షణ ఉంటుంది. దాన్ని మంద రక్షణ అంటారు. ధనుర్వాతంలో అది లేదు. ఈ రోగం మనిషి నుంచి మనిషికి రాదు, మట్టి నుంచి గాయానికి వస్తుంది. షోలాపూర్ అంతా సూది వేయించుకున్నా, వేయించుకోని ఒక్క కార్మికుడికి అందులో పిసరంత రక్షణ లేదు. చివరికి ఒకసారి ఆ రోగం వచ్చి బతికినవాడికి కూడా రక్షణ రాదు. మనిషిని చంపగల విషం మోతాదు ఎంత చిన్నదంటే, ఒంటికి దాన్ని గుర్తుపెట్టుకునే అవకాశం కూడా ఉండదు.

అంటే ప్రతి ఒళ్లూ విడివిడిగా అందుకోవాలి. తొంభై తొమ్మిది గొర్రెలకు వేశాం కదా అని లెక్క మూసేయడానికి వీల్లేదు. లూకా 15లో కాపరి చేసిన పని ఇక్కడ ప్రజారోగ్య సూత్రం.

ఆ ఒక్క గొర్రె ఎవరు? మన టీకా పట్టికలో టీడీ సూది 10 ఏళ్లకు, 16 ఏళ్లకు, ఆ తరువాత గర్భిణులకు. పదహారు దాటిన మగవాడికి గాయమైతే తప్ప సూది లేదు. గాయమైన రోజు కూలి పోతుందని అతడు ఆసుపత్రికి పోడు. ఇనుము మీద, తుప్పు మీద, మురికి నేల మీద జీవితమంతా పనిచేసే మనిషికి వరస ప్రకారం వచ్చే బూస్టరు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన సైనికులందరికీ ధనుర్వాతం టాక్సాయిడ్ వేయించింది. 27 లక్షలకు పైగా గాయాలైనా, ఆ సైన్యంలో ధనుర్వాతం వచ్చింది 12 మందికే. యుద్ధానికి పంపే ఒంటికి దొరికిన రక్షణ, దుప్పటి నేసే ఒంటికి ఎందుకు దొరకదు? ఇది సైన్సుకు చేతకాని పని కాదు. మనసు లేక ఆగిన పని.

మూతపడిన గుమ్మాలు

ఈ టాక్సాయిడ్లను ఎవరు చేస్తారో మన సంఘాల్లో ఎవరైనా అడిగారా? బ్రిటిషు కాలంలోనే కసౌలిలో 1905లో సెంట్రల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, కూనూరులో 1907లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలిశాయి. బిడ్డలకు వేసే డీపీటీ, గర్భిణులకు వేసే టీటీ ఇవన్నీ దశాబ్దాల పాటు ఈ ప్రభుత్వ గుమ్మాల నుంచి చవకగా వచ్చాయి. 2008 జనవరిలో కేంద్రం ఈ రెండింటితో పాటు చెన్నై గిండీలోని బీసీజీ ల్యాబొరేటరీ లైసెన్సును కూడా సస్పెండ్ చేసింది. తయారీ ప్రమాణాలు పాటించడం లేదన్నది కారణం. ప్రమాణాలు కావాలి, పైన చెప్పిన జపాన్ కథ చదివాక కాదని ఎవరంటారు? కానీ ఇల్లు కారుతుంటే కప్పు వేయించుకుంటాం, పిల్లలను వీధిలోకి పంపి తాళం వేయం. దశాబ్దాల పాటు డబ్బులివ్వకుండా పాడుపెట్టి, పాడైపోయిందని మూసేయడం ఏ రకం న్యాయం? దీని మీద పౌరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2010లో సస్పెన్షన్ ఎత్తేశారు. కసౌలిలో కొత్త ప్రమాణాల డీపీటీ ప్లాంటు మొదలయ్యేసరికి 2016 వచ్చింది.

2018 సెప్టెంబరులో ఢిల్లీలో డిఫ్తీరియాతో 20 మందికి పైగా పిల్లలు చచ్చిపోయారు. వాళ్లకు వేయాల్సిన ప్రతివిష సీరం ఆసుపత్రిలో నిండుకుంది. ప్రభుత్వ సరఫరాకు ఆధారమైన కసౌలిలో దాని ఉత్పత్తి ఆగి ఉంది. లాభం రాని మందును మార్కెట్టు చేయదు. ప్రభుత్వం చేయకపోతే ఎవరూ చేయరు. ఎవరూ చేయకపోతే చచ్చేది టీకా అందని వాడల పిల్లలు.

మేము ప్రైవేటు కంపెనీల మీద పళ్లు నూరడం లేదు. 1953లో హైదరాబాదులో మొదలైన బయోలాజికల్ ఇ ప్రపంచమంతటికీ టాక్సాయిడ్ టీకాలు పంపుతోంది. ఆ షాపు ఫ్లోరులో మన పిల్లలే పనిచేస్తున్నారు, మనకు గర్వమే. గచ్చిబౌలిలో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ జాతీయ పాడి అభివృద్ధి బోర్డు చేతిలో ఉండి కూడా బాగానే నడుస్తోంది. అంటే ప్రజల సొత్తు అనగానే పాడైపోవాలన్న రూలు లేదు. పేదవాడి ప్రాణం ఆధారపడిన మందు ఒక్క లాభం లెక్క మీదే నిలబడకూడదు. మేము అడిగేది అంతే.

సమరయుడు ఏ ఊరివాడు?

ఈ షోలాపూర్‌లోనే 1910లో ద్వారకానాథ్ కోట్నీస్ పుట్టాడు. డాక్టరయ్యాడు. 1938లో చైనాకు వెళ్లి, గాయపడినవారికి వైద్యం చేస్తూ 1942లో అక్కడే కన్నుమూశాడు. ఆయన క్రైస్తవుడు కాదు. లూకా 10లో గాయాలు కట్టిన సమరయుడు కూడా యాజకుల జాబితాలో లేడు. నూనె పోశాడు, నిజమే. ద్రాక్షారసం కూడా పోశాడు, కట్టు కట్టాడు, తన గాడిద మీద ఎక్కించాడు, సత్రంలో డబ్బు కట్టాడు. మన స్వస్థత సభల్లో నూనె ఒక్కటే మిగిలింది. కట్టు, గాడిద, డబ్బు ఎక్కడ పోయాయి?

ఆ రోజు మేము ఇంటాయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. టీడీ సూది ఉచితంగా వేశారు. చిన్నప్పుడు టీకాలు పడిన గుర్తు లేనివాడికి, మురికి గాయం అయినప్పుడు, వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. అది అక్కడ లేదు, బయట కొన్నాం. ఆ బిల్లు ఆయన వారం కూలి కంటే ఎక్కువ. మేము చందాలు వేసుకున్నాం. కానీ చందాలతో పేట మొత్తాన్ని బతికించలేం. అందుకే ఇది రాస్తున్నాం.

చేయాల్సినవి

కాపరులారా, వచ్చే ఆదివారమే చెప్పండి: టీకా పాపం కాదు, మృగపు ముద్ర కాదు, విశ్వాసానికి శత్రువు కాదు. మీ వేదిక మీద వేరేగా చెప్పే అతిథి బోధకుడిని మైకు తీసుకుని అక్కడే సరిదిద్దండి. గౌరవం పోతుందని ఊరుకుంటే ప్రాణం పోతుంది.

యువతీ యువకులారా, మీ వాడలో గర్భిణుల పట్టిక రాయండి. టీడీ రెండు డోసులు పడ్డాయో లేదో ఆశా అక్కతో కలిసి చూడండి. టీకా డబ్బా చూడటం నేర్చుకోండి. పటికకు అంటించిన టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. గడ్డ కట్టి కరిగితే రేణువులు ముద్దలవుతాయి, టీకా చెడుతుంది. అనుమానం ఉన్న సీసానూ, కావాలని గడ్డ కట్టించి కరిగించిన సీసానూ పక్కపక్కన కుదిపి ఏది తొందరగా మడ్డి దించుతుందో చూసే పరీక్ష ఒకటి ఉంది. ఏఎన్ఎంకు అది తెలుసు. చూపించమని మర్యాదగా అడగండి. అడిగే జనం ఉన్నచోట ఐస్ ప్యాకులు జాగ్రత్తగా ఉంటాయి.

సంఘాలుగా మనం అడగాల్సినవి మూడు. మరమగ్గాల షెడ్లలో, బీడీ కార్ఖానాల్లో పదేళ్లకోసారి టీడీ బూస్టరు వేయించాలి, ఆ రోజు కూలి కోయకూడదు. ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఇమ్యునోగ్లోబులిన్ నిల్వ ఉండాలి. ప్రభుత్వ టీకా సంస్థలకు డబ్బు, మనుషులు, ప్రమాణాలు మూడూ ఇచ్చి నిలబెట్టాలి. ఎన్నికలప్పుడు శ్మశానవాటిక స్థలం అడుగుతాం, ప్రహరీ గోడ అడుగుతాం. ఈసారి బతికేందుకు కావాల్సినవి కూడా అడుగుదాం.

మేము బయలుదేరే రోజు ఆ ఇంటి చెల్లెమ్మ కూడా వెళ్లి సూది వేయించుకుని వచ్చింది. రెండోది నాలుగు వారాల తరువాత వేయించుకున్నట్టు ఫోను చేసి చెప్పింది. కాన్పు అయింది, ఆడపిల్ల. ఏడో రోజు దాటింది, ఎనిమిదో రోజు దాటింది. పాలు బాగా తాగుతోందట.

"అయ్యగారూ, పేరు పెట్టనీకి మీరు రావాలె" అని ఇంటాయన పిలిచాడు. వెళ్తున్నాం. ఈసారి ప్రార్థన నూనెతో పాటు టీడీ పట్టిక కూడా సంచిలో పెట్టుకుని వెళ్తున్నాం. మీరూ మీ సంచి సర్దుకోండి.